చెట్టు క్రింది చుట్టములు

వేసవి వచ్చినదనగనే బెజవాడ పత్రికలలో నున్న మామిడి విపణి వార్తలు నిండును. బంగినపల్లి టన్ను ఎంత పలికినది, కలెక్టరు కాయను గుజ్జు కర్మాగారములవారు ఎంతకు కొన్నారు, ఎన్ని లారీలు ఉత్తరాదికి కదలినవి - ఇంతే. మామిడిని గూర్చి మన విద్యావంతులకు తెలిసిన విషయము ధరతో ఆరంభమై రుచితో ముగియును. ఆ చెట్టు క్రింద నేల యొకటి యున్నదనియు, ఆ నేలపై పెక్కు ప్రాణులు బ్రతుకుచున్నవనియు, మన ఫలము కొంతవరకు వాని చలువయే యనియు చెప్పువారు అరుదు. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు ఎల్లరము సంతోషించితిమి. దాని నీడలో పెరుగు తుమ్మిమొక్కకు మాత్రము నేటికిని కలుపు అనునదే గుర్తింపు.

నా నివాసము గుణదల. మేరీమాత కొండయు, పడవలరేవు అను పేరు మిగిలి పడవలు లేని ఏలూరు కాలువయు నా ఇరుగుపొరుగు. పిత్రార్జితమైన మామిడితోట నున్నకు ఆవల నున్నది. నలుబది పైచిలుకు చెట్లు. కళాశాలకు సెలవైన దినమెల్ల అచ్చటనే గడుపుదును. తెలుగు బోధించువానికి తోటపని యేల యని సహాధ్యాపకులు పరిహసింతురు. ప్రబంధములలోని వనవర్ణనమును పాఠము చెప్పువాడు వనమును చూచి యుండుట నేరము కాదని నా ప్రత్యుత్తరము. చూతము, రసాలము, సహకారము, మాకందము అని పర్యాయపదములు గడగడ వల్లించిన విద్యార్థిని తోటకు గొనిపోయి, చిన్నరసపు చెట్టేది, పెద్దరసపు చెట్టేది యని అడిగిన మౌనము వహించును. ఇక క్రింద నున్న మొక్కల పేర్ల మాట అడుగనే వలదు.

తొలకరి పడిన నెలలోపల ఆ నేల మీద తుమ్మి, ఉత్తరేణి, గలిజేరు, నేల ఉసిరి, కుప్పింటాకు, విష్ణుక్రాంత లేచును. గరిక యెల్లప్పుడును ఉండనే యున్నది. వీనినన్నిటిని కలిపి కలుపు అందుము. వరిచేలో ఆ మాట సరియే. అచ్చట పైరుతో పోటీ గలదు. లేత మామిడి మొక్క పాదులోను సరియే. కాని ముప్పది యేండ్ల మామిడిచెట్టుతో జానెడు తుమ్మి చేయు పోటీ యేపాటిది? వయ్యారిభామను పీకివేయుడు, కాదనను. అది పరదేశపు మొక్క; పూతకు రాకముందే పెరికివేయదగినది. తక్కినవి ఆ యింటి చుట్టములు.

వినాయక చవితినాటి ఏకవింశతి పత్రములను ఒకమారు స్మరింపుడు. దూర్వాయుగ్మము మన గరిక. అపామార్గము ఉత్తరేణి. బృహతి వాకుడు. దత్తూరము ఉమ్మెత్త. అర్కపత్రము జిల్లేడు. విష్ణుక్రాంత ఆ పేరుతోనే యున్నది. వాని నడుమ చూతపత్రము, అనగా మామిడాకు. పూజలో ఒకే పళ్ళెరమున కూర్చుండు ఈ బంధువర్గమును తోటలో విడదీసి, ఒకదానికి ఎరువు, తక్కిన వానికి విషము పెట్టుచున్నాము. పిదప చవితి ముందునాడు బెజవాడ వీథులలో అదే ఉత్తరేణిని పత్రికట్టలో రొక్కమిచ్చి కొందుము!

విషమనుట అతిశయోక్తి కాదు. గ్లైఫోసేట్ అను కలుపుమందును లైసెన్సుగల తెగుళ్ళ నివారణ సిబ్బంది తప్ప ఇతరులు వాడరాదని 2022లో కేంద్రప్రభుత్వము ఉత్తర్వు చేసినది. ఉత్తర్వు కాగితము మీద నున్నది. డబ్బా కొట్టులో నున్నది.

మా తోట కాపలాదారు అనుభవశాలి. ఆతని వాదమును త్రోసిపుచ్చ వీలులేదు. "గడ్డి పెరిగితే పాములొస్తాయండీ మేష్టారూ, ఓ సారి మందు కొట్టించేద్దాం" అని యేటేట అనును. "మరి ఈయేడు ఎలకలు తగ్గాయంటివే, ఎందుకంటావు?" అని అడిగితిని. కొంచెము ఆలోచించి, "జెర్రిగొడ్డు తిరుగుతోంది లెండి" అన్నాడు. జెర్రిగొడ్డుకు విషము లేదు, ఎలుకలు దాని ఆహారము. కాని రక్తపింజరి కూడ ఈ ప్రాంతపు ప్రాణియే. దాని మాట నవ్వులాట కాదు. కావున కాయకోతకు ముందు చెట్ల మొదళ్ళ చుట్టును, నడకదారులయందును కొడవలితో గడ్డి కోయించి, వరుసల నడుమ నున్నదానిని నిలువనిచ్చుట మా యిద్దరి నడుమ కుదిరిన రాజీ. కోసిన గడ్డి పాదులలో కప్పుగా పడును. ఖాళీ యున్నచోట జనుమో పిల్లిపెసరో చల్లుదుము.

ఇక పూత సంగతి. మామిడి పూగుత్తిలో వందలకొలది, ఒక్కొక్కప్పుడు వేలకొలది పూవులుండును. వానిలో పెక్కు మగపూవులు, కాయకట్టగలవి కొన్నియే. ఆ కొన్నింటికి పుప్పొడి నందించు పనిలో తేనెటీగకంటె సామాన్యపు ఈగలదే పెద్ద పాలు. మనము అసహ్యించుకొను ఈగయే ఫలరాజమునకు పురోహితుడు. సరిగా ఆ పదిదినములలోనే, తేనెమంచు పురుగు పేరిట, విచ్చిన పూత మీద మందు కొట్టుదురు. పురుగు చచ్చును, పురోహితుడును చచ్చును. మొగ్గదశలో ఒకమారు కొట్టి, పూవు విచ్చిన పిదప చేయి ఆపవలెనని తెలిసిన రైతులు లేకపోలేదు. వారి చేతిలో తోట ఉండదు, అదియే చిక్కు. పూత మీదనే తోట గుత్తకు పోవును. గుత్తదారునకు జ్యేష్ఠమాసము దాటిన పిదప ఆ నేలతో పనిలేదు. వచ్చే యేటి పూతను బలవంతముగా రప్పించుటకు ప్యాక్లోబ్యుట్రజాల్ మొదళ్ళలో పోసినను, ఆ చెట్టు ముసలితనముతో ఆతనికి నిమిత్తము లేదు. తోటలను చంపునది పురుగు కాదు, ఈ ఒప్పందమే యని నా అభిప్రాయము.

ఆకులను కలిపి కుట్టి గూడు కట్టు ఎఱ్ఱచీమలను కోతకూలీలు శపింతురు. కుట్టినచోట మంట అట్టిది. కాని చీనాదేశపు నారింజతోటలవారు వందల యేండ్లుగా ఆ జాతి చీమల గూళ్ళనే కొని తెచ్చి చెట్లకు కట్టుకొనిరి. కాయను తొలుచు పురుగులను అవి వేటాడును. మనకు ఉచితముగా లభించినవి గనుక కాల్చివేయుదుము. గబ్బిలముదీ అదే కథ. ఫలములు తిను గబ్బిలమును 1972 వన్యప్రాణి చట్టము కాకులు, ఎలుకలతో పాటు హానికర ప్రాణుల పట్టికలో చేర్చినది. 2022 సవరణతో ఆ పట్టికయే తొలగినది. బూరుగపూవును, ఇప్పపూవును ఫలింపజేయునది అదే. అది కొరికిన కాయను తినరాదు. 2018లో కేరళమున వచ్చిన నిపా జ్వరము తరువాత ఆ జాగ్రత్త అవసరమే. దానికై ఆ ప్రాణిని చంపనేల? ఇక రామచిలుక సగము కొట్టి పారవేయు కాయలకు లెక్కలేదు. 2018లో అది మన రాష్ట్రపక్షి యైనది గనుక, దానిని పన్నుగా భావించి ఊరకుందును.

స్పెయినుదేశమున ఆలివు తోటలవారు చెట్ల నడుమ నేలను దున్ని దున్ని బోడిచేసి, వానకు మన్ను కొట్టుకొనిపోవుట చూచిరి. ఇప్పుడు, 2023 నుండి, ఐరోపా సమాఖ్య వ్యవసాయవిధానము క్రింద వరుసల నడుమ పచ్చదనము నిలుపు రైతు ముందుకు వచ్చిన ఆతనికి సొమ్ము ముట్టుచున్నది. మనకును వానయు వాలును కలవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో ఎన్ని వీథులను ముంచెనో మరువలేదు. తోటలలోని గడ్డితో ఆ వరద ఆగెడిదనుట హాస్యాస్పదము. కాని మైలవరపు మెట్టలనుండి దిగు ప్రతి వాగులోను కొట్టుకొనిపోయి వచ్చునది ఒకరి తోటమన్నే.

ఉద్యానశాఖవారు మందుల మోతాదు చెప్పు కరపత్రములు చాల పంచుచున్నారు. గుత్తపత్రమున వ్రాసికొనదగిన షరతుల నమూనా ఒకటి పంచిన, అంతకంటె మేలు. ఈ సంవత్సరము మా పత్రమున నేనే మూడు వ్రాసితిని: కలుపుమందు వాడరాదు, విచ్చిన పూత మీద పిచికారి చేయరాదు, చీమల గూళ్ళు కాల్చరాదు. గుత్తదారు రెండుమార్లు చదివించుకొని, ప్రక్కవానివైపు చూచి నవ్వి, ధరలో కొంత కోసివేసి సంతకము చేసినాడు.