కథ చెప్పుచున్నది ఎవరు?

గత ఉగాదికి జరిగిన ఒక కథల పోటీలో మన వీధి బాలిక యొకతె పాల్గొన్నది. పోటీ జరిపినవారి పేరు గాని, నిర్ణేత పేరు గాని ఇచ్చట చెప్పబోము. మా ఆక్షేపణ వ్యక్తిపై కాదు. మన సంఘములలో పాతుకొనిపోయిన ఒక అలవాటుపై.

ఆమె కథ నాలుగు పుటలు. తన్ను ఒకటవ తరగతిలో చేర్చిన దినమును ఆమె చెప్పినది. తండ్రి, అవ్వ, తాను బడికి పోయిరి. గుమాస్తా దరఖాస్తు నింపుచు 'మాతృభాష' అన్న గడివద్ద ఆగి, ఏమి వ్రాయవలెనని అడిగినాడు. తండ్రి రాష్ట్రభాష పేరు చెప్పినాడు. వెనుక నిలిచియున్న అవ్వ, "ఇంట్లో మాట్లాడేది అడగతా వుండారా, బడిలో మాట్లాడాల్సింది అడగతా వుండారా?" అన్నది. గుమాస్తా కలము ఆగినది. తండ్రి తన చెప్పులవంక చూచుకొన్నాడు. గడిలో తుదకు ఏమి వ్రాసిరో కథలో లేదు. బల్ల ఎత్తు, ఆరేండ్ల పిల్లకు కాగితము కనబడలేదు. కథ అంతటితో ముగిసినది.

నిర్ణేత ఆ కథను మూడు సూచనలతో త్రిప్పి పంపినారు. 'నేను' అని చెప్పిన కథ దినచర్యవలె నుండును గావున ప్రథమ పురుషలోనికి మార్చవలెను. కథనము శిష్టభాషలో నుండవలెను, ఇంటి మాటను సంభాషణలకు పరిమితము చేయవలెను. గడిలో ఏమి వ్రాసిరో, తండ్రి మనస్సులో ఏమి మెదలెనో స్పష్టపరుపవలెను. బాలిక వినయము గలది, చెప్పినట్లే మార్చినది. మొదటి ప్రతిలో "మా అవ్వ ఆ పొద్దు పెట్టెలో కోక తీసి కట్టుకొనె" అని యున్నచోట, రెండవ ప్రతిలో "ఆ వృద్ధురాలు నూతన వస్త్రములు ధరించినది" అని వచ్చినది. తండ్రి చెప్పులవంక చూచుకొన్నచోట "ఆయన హృదయములో పశ్చాత్తాపము పెల్లుబికినది" అని వచ్చినది. దానికి మూడవ బహుమతి కూడ వచ్చినది. అందుకే ఈ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

మొదటి ప్రతిని చదివినవారికి గొంతు పట్టుకొన్నది. రెండవ ప్రతిని చదివినవారు మంచి నీతి అని తల యూపినారు. సంఘటన అదే, మనుష్యులు వారే. మారినది ఒక్కటే: చెప్పువారు ఎవరు, వారు ఎచ్చట నిలిచి చూచుచున్నారు అన్నది. దీనినే విమర్శకులు దృక్కోణము అందురు. ఇది అలంకారము వంటిది, కథ ముగిసిన తరువాత తీసి వేరొకటి తొడుగవచ్చునని మన నిర్ణేతలు తలచుచున్నారు. అది పొరపాటని మా వాదము. దృక్కోణము మారినచో కథయే మారును.

ఈ వాదమునకు వచ్చు మొదటి ఎదురుమాట, ఇదంతయు పాశ్చాత్యుల చర్చ అనునది. వారు దీనిని గూర్చి గ్రంథములు వ్రాసిన మాట నిజమే. కాని మన భారతమును ఒక్కమారు తెరచి చూడుడు. కథ యెవరు ఎవరికి చెప్పుచున్నారో తెలియనిచోటు అందులో కలదా? వైశంపాయనుడు జనమేజయునకు చెప్పును. ఆ వినువాడు అర్జునుని మునిమనుమడు. యుద్ధకథ సంజయుని నోట వచ్చును, వినువాడు ధృతరాష్ట్రుడు. చచ్చుచున్నవారి తండ్రి, కన్నులు లేనివాడు, ప్రక్కవాని మాటపై ఆధారపడినవాడు. పది దినముల యుద్ధము పిమ్మట సంజయుడు వచ్చి మొదట భీష్ముడు పడెనని చెప్పును. ఎట్లు పడెనో ఆ తరువాతనే చెప్పును. ఆ యుద్ధమును కవి తానే చెప్పలేడా? చెప్పగలడు. అయినను ఆ వార్త ఆ తండ్రి చెవిలో పడుటలో గల బరువు కొరకు సంజయుని నడుమ నిలిపినాడు. మన బుఱ్ఱకథలో సైతము కథకునికి ఇరువురు వంతలు కలరు. ఒకడు ప్రశ్న వేయును, ఒకడు పరిహసించును. ఎవరు చెప్పుచున్నారు, ఎవరు వినుచున్నారు అన్న స్పృహ మన పల్లె అరుగులకు తెలిసినంత మన పోటీ నిబంధనలకు తెలియదు.

రెండవ ఎదురుమాట: అన్నియు తెలిసిన కథకుడే ఉత్తముడు, ఏలయన పాఠకునికి ఏదియు దాచడు. ఆధునిక తెలుగు కథకు ఆదిగా చాలకాలము చెప్పుకొనబడిన గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది. వేశ్యల పాట కచేరీలకు తిరిగి అర్ధరాత్రి దాటి ఇల్లు చేరిన భర్తకు భార్య కనబడదు. ఉత్తరము మాత్రము కనబడును. కథ ఆ భర్త వెంటనే నడచును గావున అతని గుండెతో పాటు మన గుండెయు జారును. ఆమె మంచము క్రిందనే యున్నదని తుదకు గాని తెలియదు. అన్నియు తెలిసిన కథకుడు మొదటనే మంచము క్రిందకు దీపము చూపియున్నచో దిద్దుబాటు ఎచ్చట? భర్తకు గాని, మనకు గాని ఆ పాఠము అంటెడిదే కాదు.

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందినది. ఆ కథ రావుగారి వెంట నడచును. నియమములతో బ్రతుకును కొలుచుకొన్న ఆ పెద్దమనిషి కన్నులతోనే మనము ఆ బిచ్చగత్తెను చూచెదము. మొదట ఆయనతో పాటు విసుగుకొందుము. తుదకు ఆయనతో పాటు తల వంచుదుము. ఆమె మనస్సులోనికి మనకు దారి లేకుండుటయే ఆ కథకు బలము. ప్రథమ పురుషలో వ్రాసినంత మాత్రమున అందరి మనస్సులలోను దూరవలెనన్న నియమము లేదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఇక 'నేను' అనునది దినచర్య అన్న మాట. చలము 'మైదానము' కథను రాజేశ్వరి తానే చెప్పును. భర్తను విడిచి అమీరుతో పోయిన స్త్రీ ఆమె. అదే కథను ఆమె భర్త చెప్పినచో అది పరువు పోయిన ప్లీడరు మొర. ఊరివారు చెప్పినచో కులట కథ. ఆమె చెప్పుటచేతనే పాఠకుడు ఒప్పుకొనకున్నను వినక తప్పలేదు. ఆ గ్రంథముపై కలహించినవారు సైతము ఆమె గొంతుతోనే కలహించిరి. దినచర్యకు అంత శక్తి యుండునా?

అట్లని సర్వసాక్షి కథనమును వెలివేయుమని మేము చెప్పుట లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు చెరసాలలో నుండి వ్రాసిన 'మాలపల్లి' ఒక ఊరి బ్రతుకునంతయు మోసిన నవల. అంత బరువునకు ఒక్కని కన్నులు చాలవు. మేము ఎదిరించునది ఏ కథకైనను అదే కుర్చీ వేయుటను. నాలుగు పుటల కథలో ఒక పిల్ల చూచిన క్షణమునకు న్యాయాధిపతి పీఠమెందుకు?

ఇంతవరకు చెప్పినది ఎచ్చటి తెలుగువారికైనను వర్తించును. మనకు ప్రత్యేకముగా వర్తించునది ఇకమీదట చెప్పుదుము. బళ్లారిలోను, కోలారులోను, హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను తరతరములుగా నున్న మన యిండ్ల తెలుగు, బడిపుస్తకపు తెలుగు కాదు. కథనమంతయు పుస్తకపు తెలుగులో నడచి, మన మాట కొటేషను గుర్తుల నడుమ మాత్రమే వినబడినచో ఏమి జరుగును? చెప్పువాడు ఒక జాతి, చెప్పబడువారు ఒక జాతి యగుదురు. మన అవ్వ మాట గాజుబీరువాలో పెట్టిన బొమ్మవలె అగును. పాఠకుడు చూచి ముచ్చటపడును, లేదా నవ్వును. ఆ మాటతో కథ చెప్పవచ్చునని, ఆ మాటతో ఆలోచింపవచ్చునని అతనికి తోచదు. అంతకంటె విచారకరము, మన పిల్లకే తోచదు. కావున మనవంటివారికి దృక్కోణమును ఎన్నుకొనుటయు భాషను ఎన్నుకొనుటయు ఒక్కటే పని.

మన కథను మన పొరుగు భాష ఎట్లు చెప్పినదో చూడుడు. కోవిల్‌పట్టి ప్రాంతపు ఇడైచెవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామము' అను నవలను తమిళమున వ్రాసినారు. తెలుగువారు పుట్టిన నేల విడిచి దక్షిణమునకు తరలివచ్చిన వృత్తాంతము అందులో ఒక పండు ముదుసలి నోట వచ్చును. దాని తరువాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆయన తన నల్లరేగడి సీమ పలుకుబడితోనే కథ చెప్పినారు; తమిళ సాహిత్యము దానివలన చెడిపోలేదు, పెరిగినది. తెలుగులో స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' పులికాటు సరస్సు తీరపు తెలుగుతో, అచ్చటి బాల్యమును నెమరువేసికొను గొంతుతో నడచినవి. మన మాటతో కథ నడువదని చెప్పువారు ఈ పుస్తకములను తెరచి చూడుదురు గాక.

"బయటి పాఠకునికి అర్థము కాదు" అన్నది చివరి ఎదురుమాట. విశాఖ సీమ పలుకుబడిని రాచకొండ విశ్వనాథశాస్త్రి కథలలో అందరును చదివిరి. చిత్తూరు పల్లె మాటను నామిని కథలలో అందరును చదివిరి. ఒకటి రెండు మాటలు తెలియకున్నను కథ నిలిచినచో పాఠకుడు ఆగడు. మనము మాత్రము మన మాటకు ముందే క్షమాపణ చెప్పుకొనుచున్నాము. మఱి ఈ వ్యాసము పుస్తకపు భాషలో ఏల వ్రాసితివని ఎవరైనను అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. వాదమునకు సభాభాష చెల్లును. సభలో మాటలాడువాడు ఎవరో అందరికి కనబడుచునే యుండును. కథకు ఆ వెసులుబాటు లేదు. అందు గొంతే మనిషి.

వాదముతో ఆగక పని చెప్పుదుము. మన యువకులు ఆ బడి సంఘటననే తీసికొని నాలుగు స్థలములనుండి వ్రాసి చూడవలెను. పిల్ల చెప్పినచో కనబడునవి చెప్పులు, బల్ల అంచు, అవ్వ చేయి, కారణములు కనబడవు. అవ్వ చెప్పినచో ఆమెకు కాగితము కనబడును గాని చదువ రాదు. గుమాస్తా ముఖము చదువవలసి యుండును. గుమాస్తా చెప్పినచో అది ఆనాటి దరఖాస్తులలో ఒకటి, భోజనవేళ దాటుచున్నది, ఈ ముసలమ్మ ప్రశ్న వానికి ఆలస్యము మాత్రమే. తండ్రి చెప్పినచో అన్నింటికంటె కష్టము. 2006లో తమిళనాట తమిళాభ్యసన చట్టము వచ్చి ఒకటవ తరగతి మొదలు తమిళము నిర్బంధమైన పిమ్మట, గడిలో ఏమి వ్రాసిన ఏమి భేదమని అతడు వాదించును. పిల్లకు తోటివారిలో వేరు ముద్ర పడరాదనును. తన్ను తాను సమర్థించుకొనును. ఆ సమర్థనలో ఒక్కచోట గొంతు తడబడవలెను. కథ ఆ తడబాటులో నున్నది. నిర్ణేత కోరిన 'పశ్చాత్తాపము' అను మాట అక్కడ వ్రాసితిమా, తడబాటు పోవును, ఉపన్యాసము మిగులును.

'నేను' అని వ్రాయువారికి హెచ్చరికలును కలవు. ఆరేండ్ల పిల్ల నోట నలువదేండ్ల వాని వివేకము పలికింపరాదు. 'నేను' లేనిచోట జరిగినది 'నేను' చూచినట్లు చెప్పరాదు. ఎవరో చెప్పగా వినవలెను. ఒక పేరాలో అవ్వ మనస్సులో నుండి మరుపేరాలో గుమాస్తా మనస్సులోనికి ఊరక దూకరాదు. చెప్పువారికి తెలిసిన దానిని చివరి పంక్తి మెరుపు కొరకు దాచిపెట్టరాదు. అది పాఠకుని వంచించుట. ఇన్ని కట్టుబాట్లు గలదానిని సులువైన దినచర్య అని తోసివేయుట తగునా?

2011 జనగణనలో తమిళనాట తెలుగు తమ మాతృభాష అని చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు. ఆ లెక్క యెట్లు వచ్చినది? వాకిట నిలిచిన ఉద్యోగి అడుగగా ఇంటిలో ఎవరో ఒకరు చెప్పగా వచ్చినది. ఆ యింట ఎవరు ముందుకు వచ్చి చెప్పిరో, దానిని బట్టి గడి నిండినది. కథ సంగతియు ఇంతే. మన తరపున ఎవరు చెప్పవలెనో మనము నిర్ణయింపకున్నచో ఇతరులు నిర్ణయింతురు, మన పిల్లలచేతనే మరల వ్రాయింతురు.

కావున సంఘములవారికి మా విన్నపము ఇది. రాబోవు ఉగాది పోటీలకు నిబంధనలు అచ్చువేయించునపుడు, కథ ఏ పురుషలో నుండవలెను, ఏ భాషలో నడువవలెను అన్న పంక్తులను కొట్టివేయుడు. నిర్ణేతలు ఒక్క ప్రశ్న మాత్రము అడుగుదురు గాక: ఈ కథను చెప్పుటకు ఇంతకంటె హక్కుగలవారు ఈ కథలో మరియొకరు కలరా? లేరని తోచినచో, ఆ గొంతును ముట్టకుడు.

ఆ బాలికకు కూడ ఒక మాట. అమ్మా, నీ మొదటి ప్రతిని పారవేయకుము. దానిని మా పత్రికకు పంపుము. ఒక్క అక్షరమును మార్చక అచ్చువేయుదుము. గడిలో ఏమి వ్రాసిరని మేము అడుగము.