ఆదరించుట నేర్చుకొందము



1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నది. అట్టి ఆపదలో బియ్యము, బట్టలు పంచుట మనకు తెలుసు. గుండె పగిలినవారి ప్రక్కన కూర్చొనుట మాత్రము నేర్చుకొనవలెను.

ఇట్టి సహాయకుల కొరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన పుస్తకము మూడు పనులు నేర్పుచున్నది. ఎవరికి అవసరము ఎక్కువో చూడవలెను. చెప్పుమని బలవంతపెట్టక, చెప్పినది వినవలెను. అయినవారితోను, సహాయము దొరకు చోటుతోను కలుపవలెను.

యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలమీద కూర్చున్నంతవరకు ఆదరించినవారే. నోరు తెరచి తప్పు అతనిదే అన్నప్పుడు పుండుమీద కారము చల్లిరి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో "దేవుని చిత్తము" అని తొందరపడి అనకండి. వారాలు గడిచినా నిద్రాహారములు లేనివారిని వైద్యుని యొద్దకు తీసుకొని వెళ్లండి; అది అవిశ్వాసము కాదు.

తుఫానుల కాలము రాకముందే ప్రతి సంఘములో ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పురుషులను ఈ పనికి సిద్ధపరచవలెనని మేము కోరుచున్నాము.