నార మూటల్లో రాజదండం!

మూడువైపులా ఉత్తర సముద్రం. దాదాపు 160 అడుగుల ఎత్తున నిటారుగా లేచిన కొండరాయి. పైకెళ్లడానికి ఒకే ఒక్క ఇరుకు దారి. స్కాట్లాండ్ తూర్పు తీరంలో, స్టోన్‌హేవెన్ పట్టణానికి దగ్గర్లో ఉన్న డనాటర్ కోట ఇది. 14వ శతాబ్దం చివర్లో విలియం కీత్ అనే ప్రభువు ఇక్కడ బురుజు కట్టించాడు. రాజు కిరీటం, ఖడ్గం, రాజదండాలకు కాపలా కాయడం ఆ వంశం బాధ్యత. ఆ బాధ్యతే కోటకు చేటు తెచ్చింది.

1651 జనవరి 1న రెండో ఛార్లెస్‌కు స్కాట్లాండ్‌లో పట్టాభిషేకం జరిగింది. అప్పటికే ఇంగ్లాండ్ రాజచిహ్నాలను కరిగించేసి, అమ్మేసిన క్రామ్‌వెల్ వర్గం కన్ను వీటి మీదా పడింది. ఎడింబరో కోట శత్రువుల చేతిలో ఉండటంతో కిరీటాన్ని డనాటర్‌కు తరలించారు. వెనకే సైన్యం వచ్చి చుట్టుముట్టింది. లోపల పట్టుమని వంద మంది సైనికులైనా లేరు. అయినా కోట అధికారి జార్జ్ ఓగిల్వీ ఎనిమిది నెలలు లొంగలేదు. చివరికి భారీ ఫిరంగులొచ్చాయి. 1652 మేలో తలుపులు తెరిచారు. తీరా చూస్తే... కిరీటం లేదు!

దగ్గర్లోని కినెఫ్ చర్చి పాస్టరు భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ పని అది. ఓగిల్వీ భార్యను చూసే నెపంతో వచ్చి, కిరీటాన్ని బట్టల్లో, మిగతావాటిని నార మూటల్లో దాచి, శత్రువుల ముందునుంచే తీసుకెళ్లిందట. ఆమె గుర్రమెక్కడానికి శత్రు సేనానే సాయం చేశాడనీ చెబుతారు. సముద్రపు నాచు ఏరుకునే పనిమనిషికి కొండ మీంచి తాడుతో దించారన్నది మరో కథనం. ఏది నిజమైనా కినెఫ్ చర్చి నేల కింద అవి ఎనిమిదేళ్లు భద్రంగా ఉన్నాయి. ఆచూకీ చెప్పని ఓగిల్వీ దంపతులు మాత్రం జైలు పాలయ్యారు. రాజు తిరిగొచ్చాక ఓగిల్వీకి బిరుదు, క్రిస్టియన్‌కు 2,000 మెర్కుల బహుమతి ప్రకటించారు.

కోట చరిత్రంతా ఇంత గొప్పగా లేదు. 1685లో రాజు మతవిధానాన్ని ఒప్పుకోని 167 మంది స్త్రీపురుషులను ఇక్కడి నేలమాళిగలో కుక్కారు. తప్పించుకోబోయి కొండ మీంచి పడి చనిపోయినవాళ్లూ ఉన్నారు. 1715 తిరుగుబాటులో చేరిన కీత్ వారసుడు ఆస్తులన్నీ పోగొట్టుకున్నాడు. కోటను కొన్న కంపెనీ పనికొచ్చేవన్నీ ఊడబెరుక్కుపోయింది. మరమ్మతులు మొదలైంది మళ్లీ 1925లోనే.

కిరీటం ఇప్పుడు ఎడింబరో కోటలో ఉంది. 2023లో మూడో ఛార్లెస్‌కు దాన్ని సమర్పించారు కానీ పాత ఖడ్గాన్ని తేలేదు. బాగా పెళుసెక్కిపోవడంతో, ఆ వేడుక కోసం కొత్తది చేయించారు.