గాయం తర్వాత ఆ చోటు ఎవరిది?

2010 అక్టోబరులో మొహాలీ టెస్టు చివరి రోజున వీవీఎస్ లక్ష్మణ్ నడుము పట్టేసి, సరిగ్గా వంగలేని స్థితిలో బ్యాటింగ్ చేశాడు. ఆస్ట్రేలియా ఇచ్చిన లక్ష్యం 216. స్కోరు 124 దగ్గరే ఎనిమిది వికెట్లు పోయాయి. రన్నర్‌గా సురేశ్ రైనా వచ్చాడు. ఇషాంత్ శర్మతో కలిసి 81 పరుగులు జోడించిన లక్ష్మణ్ 73 నాటౌట్‌గా నిలిచి, ఒక్క వికెట్ తేడాతో భారత్‌ను గెలిపించాడు. మరుసటి ఏడాది అక్టోబరు నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో రన్నర్ సౌకర్యాన్ని ఐసీసీ ఎత్తేసింది. అదే నొప్పి ఒక్క ఏడాది ఆలస్యంగా వచ్చి ఉంటే లక్ష్మణ్ ఆ పరుగులన్నీ తానే తీయాల్సి వచ్చేది, లేదంటే పెవిలియన్‌కు వెళ్లిపోవాల్సి వచ్చేది. తెగువ అతనిదే, సందేహం లేదు. కానీ ఆ తెగువకు అండగా నిలిచిన ఏర్పాటు కూడా ఒకటుంది. గాయపడ్డ బ్యాటర్ పేరు నిలవడమూ మరుగున పడడమూ గాయం తీవ్రత మీద కన్నా, జట్టులో అప్పటికే అతనికున్న చోటు మీదా, కోలుకోవడానికి అతనికి దక్కే వ్యవధి మీదా ఎక్కువగా ఆధారపడతాయి.

కాకినాడలో పుట్టిన హనుమ విహారి కథ చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. 2021 జనవరి 11, సిడ్నీ టెస్టు చివరి రోజు. లక్ష్యం 407. పరుగు తీస్తుండగా విహారి తొడ వెనక కండరం పట్టేసింది. ఆ తర్వాత పరుగెత్తడమే గండమైంది. అవతలి వైపున్న అశ్విన్‌కేమో నడుం నొప్పి. సింగిల్ తీసే దారి మూసుకుపోవడంతో విహారి చేయగలిగింది ఒక్కటే: ప్రతి బంతినీ కాళ్ల దగ్గరే చంపేయడం. 161 బంతులాడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. భారత్ 334/5తో మ్యాచ్‌ను డ్రా చేసుకుంది. ఆ డ్రా లేకుంటే, వారం తర్వాత బ్రిస్బేన్‌లో గెలిచినా సిరీస్ సమమయ్యేదే తప్ప 2-1 అయ్యేది కాదు. బ్రిస్బేన్‌లో విహారి లేడు. స్వదేశంలో ఇంగ్లండ్ సిరీస్‌కూ లేడు. అతని తర్వాతి టెస్టు 2022 జనవరిలో, జొహానెస్‌బర్గ్‌లో. ఈలోగా ఆ చోటుకు వేరేవాళ్లు వచ్చేశారు. అదే ఏడాది జులైలో ఎడ్జ్‌బాస్టన్ టెస్టు తర్వాత అతనికి మళ్లీ పిలుపు రాలేదు.

విహారి సగటు 33 చిల్లర, 16 టెస్టుల్లో ఒక్కటే సెంచరీ, సిడ్నీకి ముందే అతని చోటు ఊగిసలాడుతోంది కదా అనే వాదన ఉంది. దాన్ని తోసిపుచ్చలేం. కానీ ఆ టెస్టుల్లో ఎక్కువ భాగం విదేశీ పిచ్‌ల మీద ఆడినవే. అంతకన్నా ముఖ్యం, గాయపడినవాడి చోటు అతనికే అన్న సూత్రం మన జట్టులో లేకపోలేదు. 2016 డిసెంబరులో చెన్నైలో కరుణ్ నాయర్ 303 నాటౌట్ కొట్టాడు. 2017 ఫిబ్రవరిలో హైదరాబాద్ టెస్టుకు గాయం నుంచి కోలుకున్న రహానే తిరిగి రాగానే పక్కకు తప్పుకోవాల్సింది ఆ ట్రిపుల్ సెంచరీ వీరుడే. కరుణ్‌కు అది అన్యాయమని అప్పుడే చాలామంది అన్నారు, నిజమే. అయితే సూత్రమంటూ ఉంటే పెద్ద పేరుకూ చిన్న పేరుకూ ఒకేలా వర్తించాలి. స్థిరపడ్డ రహానేకు దొరికిన హామీ, అంచున ఉన్న విహారికి అందలేదు.

పెద్ద పేరుకు దక్కే ఈ మన్నన క్రికెట్‌కే పరిమితం కాదు. బేస్‌బాల్‌లో మికీ మాంటిల్ 19 ఏళ్లకే, 1951 వరల్డ్ సిరీస్‌లో, కుడి మోకాలు దెబ్బతీసుకున్నాడు. అయినా 536 హోమ్‌రన్లు కొట్టి 1974లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. మోకాలు బాగుంటే ఇంకెన్ని కొట్టేవాడో అని అమెరికా అభిమానులు లెక్కలేస్తూనే ఉంటారు. గొప్పవాడైతే ఆడని ఆటనూ అతని ఖాతాలోనే వేస్తాం. మాంటిల్‌లా భారీ షాట్లు ఆడేవాడికి గాయం మరింత ప్రమాదకరం. బలంలో చాలా భాగం నడుము మెలిక నుంచి, పక్క కండరాల నుంచి వస్తుంది కనుక అక్కడ పట్టేస్తే బ్యాట్ వేగమే పడిపోతుంది. మెల్‌బోర్న్‌లో 114 కొట్టిన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2025 మొదట్లో పక్క కండరం, ఇంగ్లండ్ పర్యటనలో మోకాలు ఆపేశాయి. అతనికి బోర్డు ఫిజియోలున్నారు, ఐపీఎల్ కాంట్రాక్టు ఉంది. ఇప్పుడు కావాల్సింది సెలెక్టర్ల ఓపిక.

నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరులో పొలం గట్టు పక్కన సిక్సర్లు బాదే కుర్రాడికి ఇవేవీ ఉండవు. తొడ పట్టేస్తే వేడి నీళ్ల కాపడం, ఓ నొప్పి మాత్ర, రెండ్రోజుల్లో మళ్లీ టోర్నమెంట్. ఆడకపోతే టీమ్‌లో చోటు పోతుందని అతనికి తెలుసు. నొప్పితో ఆడితే మెచ్చుకోవడం మనకు అలవాటు, ఆ మెప్పే వాడిని మరింత గాయం వైపు నెడుతుంది. కష్టపడి ఎదిగే పిల్లలకు కాస్త కరకుదనం కావాలంటారు కొందరు. కానీ సిడ్నీలో విహారి నిలబడింది దేశ జట్టు వైద్య బృందం కళ్ల ముందు. ఆ కాపలా లేనిచోట కరకుదనం కండరాన్నే తెంపేస్తుంది. జిల్లా క్రికెట్ సంఘాలు ట్రయల్స్ జరిగే రోజుల్లో ఒక ఫిజియోను కూర్చోబెట్టడం, గాయంతో తప్పుకున్నవాడి పేరును వచ్చే సీజన్ ట్రయల్స్‌కు నేరుగా రాసుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు. ఈ రెండూ ఈ ఏడాది ఎంపికల నుంచే మొదలుపెట్టవచ్చు.