గ్రిడ్‌కు కాపలాగా ఏఐ.. సెకన్లలో తీసుకునే నిర్ణయానికి గ్యారంటీ ఏంటి?

2025 ఏప్రిల్ 28, మధ్యాహ్నం 12:33. స్పెయిన్, పోర్చుగల్‌లో ఒక్కసారిగా కరెంట్ పోయింది. మెట్రో రైళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. స్పెయిన్‌లో ఐదు సెకన్లలోనే దాదాపు 15 వేల మెగావాట్ల విద్యుత్ గ్రిడ్ నుంచి మాయమైంది.

అయితే ఇది హెచ్చరిక లేకుండా జరగలేదు. అంతకుముందు అరగంటలోనే గ్రిడ్‌లో రెండుసార్లు ఊగిసలాట కనిపించింది. దాన్ని ఆపేందుకు ఆపరేటర్లు చర్యలు తీసుకున్నారు. ఊగిసలాట తగ్గింది కానీ వోల్టేజ్ పెరిగింది. చివరికి ఆ వోల్టేజే గ్రిడ్ కొంప ముంచింది.

అసలు ఈ ఊగిసలాట ఏంటి?

మన గ్రిడ్‌లో జనరేటర్లన్నీ 50 హెర్ట్జ్ దగ్గర ఒకే లయలో తిరగాలి. ఎక్కడో ఒక పెద్ద లైన్ ట్రిప్ అయితే ఆ లయ చెదురుతుంది. ఒక ప్రాంతంలోని జనరేటర్లు మరో ప్రాంతంలోని వాటితో తాడు లాగుడు మొదలుపెడతాయి. దీన్ని అణచడానికి ప్లాంట్లలో పవర్ సిస్టమ్ స్టెబిలైజర్ అనే పరికరం ఉంటుంది.

చిక్కల్లా ఒక్కటే. ఈ పరికరాన్ని ముందే ఒక సెట్టింగ్‌లో పెట్టేస్తారు. కానీ గ్రిడ్ మధ్యాహ్నం సోలార్‌తో ఒకలా, రాత్రి థర్మల్‌తో మరోలా ఉంటుంది. ఒక పరిస్థితికి సరిపోయిన సెట్టింగ్ ఇంకో పరిస్థితిలో సరిగా పనిచేయకపోవచ్చు.

న్యూరల్ నెట్‌వర్క్ ఏం చేస్తుంది?

దీనికి కంప్యూటర్ సిమ్యులేషన్‌లో వేల రకాల పరిస్థితులు చూపించి ట్రైనింగ్ ఇస్తారు. దాంతో గ్రిడ్ మారినప్పుడల్లా తన స్పందనను మార్చుకుంటుంది. ఈ పరిశోధన 1990ల నుంచే సాగుతోంది. అయినా ప్లాంట్లు ఇప్పటికీ ఎక్కువగా పాత స్టెబిలైజర్లనే నమ్ముకుంటున్నాయి.

కారణం.. భయం. ట్రైనింగ్‌లో ఎప్పుడూ చూడని పరిస్థితి ఎదురైతే అది ఏం చేస్తుందో ముందే కచ్చితంగా చెప్పడం కష్టం. ఫోన్‌లో ఏఐ తప్పు చెబితే మళ్లీ అడగొచ్చు. గ్రిడ్‌లో ఆ రెండో ఛాన్స్ ఉండదు. ఏఐ ఉంటే స్పెయిన్‌లో చీకట్లు తప్పేవని కూడా చెప్పలేం.

తెలుగు రాష్ట్రాలకు ఏంటి సంబంధం?

2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకట్లో మునిగింది. రెండో రోజు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా కుప్పకూలాయి. 60 కోట్ల మందికి పైగా ఇబ్బంది పడ్డారు. తెలుగు నేలపై మాత్రం ఆ ప్రభావం పడలేదు. అప్పట్లో దక్షిణ గ్రిడ్ వేరుగా నడిచేది మరి!

2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైన్‌తో అది కూడా జాతీయ గ్రిడ్‌లో కలిసింది. దీంతో కొరత వచ్చినప్పుడు వేరే రాష్ట్రాల నుంచి కరెంట్ తెచ్చుకోవడం సులువైంది. అదే సమయంలో ఉత్తరాదిలో పుట్టిన కుదుపు ఇక్కడిదాకా వచ్చే దారీ తెరుచుకుంది. పైగా కర్నూలు లాంటి భారీ సోలార్ పార్కులు పెరిగే కొద్దీ గ్రిడ్ తీరు గంటగంటకూ మారుతోంది.

అందుకే ఏఐ వద్దు అనడం కుదరదు. అలాగని తాళాలు మొత్తం దాని చేతికి ఇవ్వడమూ సరికాదు. మధ్యేమార్గం ఉంది. పాత స్టెబిలైజర్‌ను అలాగే ఉంచి, దాని సెట్టింగ్‌లను కొంత పరిధిలోనే మార్చే పనిని ఏఐకి అప్పగించొచ్చు. గీత దాటితే వెంటనే పాత పద్ధతికి మారిపోవాలి. గ్రిడ్ కాపలాదారుకు తెలివితేటలు ఒక్కటే చాలవు. ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి.