కుందేలుకు రెండో ఇల్లు

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న సామెతకు సజీవ నిదర్శనాలు కావలసినవారు పార్లమెంటు గ్యాలరీలో ఒక్క పూట కూర్చుంటే చాలు. పాలకపక్షం కుందేటికి మూడు కాళ్ళు, ప్రతిపక్షం కుందేటికి వేరే మూడు. ఇన్నేళ్ళుగా ఆ వాదోపవాదాలను వార్తలుగా మలచి పంపుతున్న నేను, నాలుగు కాళ్ళ అసలు కుందేలును గురించి ఒక లేఖ రాయవలసివస్తుందని ఊహించలేదు. సమావేశాలు లేని రోజులు చూసుకొని జంషెడ్‌పూర్ వెళ్ళాను. 1919లో ఆ పేరు పొందిన ఉక్కునగరానికి నేటికీ ఎన్నికైన నగరపాలక సంస్థ లేకపోవడం, దానిని పారిశ్రామిక పట్టణంగా ప్రకటిస్తూ జార్ఖండ్ ప్రభుత్వం 2023లో చేసిన నిర్ణయం, దానిపై చెలరేగిన వివాదం, ఇవి తెలుసుకొందామని పోయాను. తిరిగి వచ్చేటప్పుడు నోటుపుస్తకంలో సగం పుటలు కుందేళ్ళతో నిండి ఉన్నవి.

జంషెడ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. తాతల నాడు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకొని రైలెక్కినవారిలో కొందరు ఖరగ్‌పూర్‌లో దిగిపోగా, మరికొందరు టాటానగర్ దాకా వచ్చి కొలుముల ముందు నిలబడినారు. కదమా, సోనారీ వీధులలో ఈనాటికీ మన మాట వినబడుతుంది. ఈ కుటుంబాల జీవితంలో ఒక తేదీ ముందుగానే రాసిపెట్టి ఉంటుంది. ఉద్యోగ విరమణ తరువాత కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసిన తేదీ అది. పెరడునూ జామచెట్టునూ విడిచి మాంగోలోనో మరొక చోటనో రెండు గదుల ఫ్లాటులోకి చేరాలి, లేదా స్వగ్రామానికి మరలిపోవాలి. బీరువా, మంచాలు లారీ ఎక్కుతాయి. మనుమడి ముచ్చట తీర్చడానికి కొన్న కుందేళ్ళు మాత్రం ఎక్కవు.

నేను బస చేసిన మిత్రుని ఇంటికి రెండు వీధుల అవతల ఒక తెలుగు ఉపాధ్యాయిని ఉన్నారు. తండ్రి కర్మాగారంలో పనిచేసి రిటైరయినవారు. ఆమె వరండాలో పదకొండు కుందేళ్ళను చూశాను. అందులో ఒక్కటీ ఆమె కొన్నది కాదు. రెండు ఒక పార్కు గోడ పక్కన అట్టపెట్టెలో దొరికినవి. రెండు కుక్కల నోట పడబోతుండగా పిల్లలు పట్టి తెచ్చినవి. తక్కిన ఏడూ ఒకే ఇంటివి. ఆ ఇంటివారు “రెండూ ఆడవే” అన్న దుకాణదారుని మాట నమ్మి ఒక జతను కొన్నారు. పసి కుందేళ్ళలో ఆడ మగ తేడా పోల్చడం అనుభవజ్ఞులకే కష్టం. కుందేలు చూడికట్టిన నెల రోజులకు ఈనుతుంది. ఈనిన నాడే తిరిగి చూడికట్టగలదు. ఈ లెక్క తెలియక ముద్దుగా తెచ్చుకొన్న జత ఏడాది తిరిగేసరికి మంద అయి కూర్చుంటుంది.

“బాబాయిగారూ, పట్టి తేవడం గంట పని. ఫొటోలు తీస్తారు, శభాషంటారు. ఆ తరువాత పదేళ్ళు అది ఎవరి ఇంట్లో ఉండాలి అన్నప్పుడు ఎవరూ ఉండరు” అన్నారామె. చక్కగా పోషిస్తే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతుందన్న సంగతి నాకు అంతవరకు తెలియదు. కొనేవారిలోనూ చాలామందికి తెలిసినట్టు లేదు. రెండు లోక్‌సభల ఆయుష్షు అది.

తెలియనివి ఇంకా ఉన్నవి. బొమ్మల పుస్తకాలలో కుందేలు చేతిలో ఎప్పుడూ క్యారెట్టు ఉంటుంది. నిజానికి దాని ప్రధానాహారం గడ్డి. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక, గరికో ఎండుగడ్డో రోజంతా నములుతూ ఉంటేనే అవి అరుగుతాయి. అన్నం, బిస్కెట్లు పెట్టి పెంచిన కుందేలు నోట్లో పళ్ళు వంకరపోయి చెంపలకు గుచ్చుకొంటాయి. ఒక పూట పూర్తిగా మేత మానిందంటే పేగుల కదలిక ఆగిపోతున్నదని అనుమానించి వైద్యుని వద్దకు పరుగెత్తాలి. అది కుక్కవలె మూలగదు, పిల్లివలె అరవదు. వేటాడబడే జంతువు గనుక జబ్బును దాచుకోవడం దాని స్వభావం. ఎండ అసలే పడదు. మే నెలలో జంషెడ్‌పూర్ వేడి నలభై డిగ్రీలు దాటిన రోజున రేకుల కింద, ఇనుప బోనులో దాని పరిస్థితి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. వైద్యం మరొక చిక్కు. మనుషులకూ కుక్కలకూ నోటి ద్వారా నిరపాయంగా ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి మందు కుందేలు ప్రాణం మీదికి తెస్తుంది. గేదెలకూ మేకలకూ వైద్యం నేర్చిన మన పశువైద్యులందరికీ దీని ఒడుపు తెలియాలని లేదు, వారిని తప్పుపట్టనూ లేము.

ఆమె బోనుల కింద పాత దినపత్రికలు పరుస్తారు. మా రాతలకు అంతకన్న సార్థకమైన వినియోగం నేను ఢిల్లీలో తరచుగా చూడలేదు.

“ఇంత బాధ ఎందుకు, దల్మా కొండలలో వదిలిపెట్టరాదా?” అని ఆమెను అడిగినవారు చాలామంది. ప్రశ్నలో దయ ఉన్నది గాని వివేకం లేదు. తెలుగులో మనం రెంటినీ కుందేలనే అంటాము. కాని మన పొలాలలో పరుగెత్తే చెవులపిల్లి వేరు, ఇంట పెంచే కుందేలు వేరు. మొదటిది కళ్ళు తెరచి, ఒంటిమీద బొచ్చుతో పుడుతుంది. రెండవది ఐరోపా జాతి సంతానం, కళ్ళు మూసుకొని బొచ్చు లేకుండా కలుగులో పుడుతుంది. తరతరాలుగా బోనులో పెరిగిన తెల్ల కుందేలుకు నక్కను చూసి పారిపోవాలని కూడా తోచదు. ఏనుగులు తిరిగే ఆ కొండలలో, ఆదివాసుల సెంద్రా వేట జరిగే ఆ కొండలలో, అది ఎన్ని రాత్రులు మిగులుతుంది? పొరపాటున మిగిలితే మరొక ప్రమాదం. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదా కోసం ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో వదిలిన రెండు డజన్ల కుందేళ్ళు ఆ ఖండానికే పెద్ద చీడగా మారిన కథ చరిత్రలో ఉన్నది. అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో పెంపుడు కుందేలును ఉంచుకోవడం నేరం. మినహాయింపు పొందగల కొద్దిమందిలో ఇంద్రజాలికులు ఒకరు. టోపీలోనుంచి కుందేళ్ళను తీసే విద్య మన రాజకీయవేత్తలకూ వచ్చును గనుక, ఇక్కడ అటువంటి చట్టం చేస్తే మినహాయింపు కోరేవారు ఎక్కువ కావచ్చు.

చట్టం మాట వచ్చింది కనుక నా పరిధిలోకి వస్తాను. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన రుక్మిణీదేవి అరుండేల్ జంతుహింసా నివారణకై ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టి, ప్రభుత్వమే సమగ్రమైన బిల్లు తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చిన మీదట దానిని ఉపసంహరించుకొన్నారు. ఆ హామీ ఫలితమే 1960 నాటి చట్టం. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు గురిచేసే విధంగా అకారణంగా వదిలివేయడం ఆ చట్టం ప్రకారం నేరం. శిక్ష? మొదటి నేరానికి పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా జరిమానా అని రాసుకొన్నారు. ఈ శిక్షలు చాలవని, పార్లమెంటు సవరించాలని సుప్రీంకోర్టు 2014లో నాగరాజ కేసు తీర్పులో చెప్పింది. ఎనిమిదేళ్ళ తరువాత, 2022 నవంబరులో, కేంద్రం ఒక ముసాయిదాను ప్రజల ముందుంచి అభిప్రాయాలు కోరింది. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు నియమావళి వచ్చింది. ఆ జంతువుల నిర్వచనంలో కుందేలు పేరు స్పష్టంగా ఉన్నది. దుకాణం నమోదు కావాలన్నారు, బోను కొలతలు చెప్పారు.

శిక్ష సరే, కొలతలు సరే. వదిలివేయబడిన జంతువు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? ఆవుకు గోశాల ఉన్నది. వీధికుక్కకు 2001 నుంచి సంతాన నియంత్రణ నియమాలున్నవి. అడవి కుందేలుకు 1972 వన్యప్రాణి చట్టం అండ ఉన్నది. పెంపుడు కుందేలు అటు పశువూ కాదు, ఇటు వన్యప్రాణీ కాదు. ప్రతి జిల్లాలోనూ జంతుహింసా నివారణ సంఘం ఉండాలని 2001 నియమాలు ఆదేశించినవి. ఆ సంఘాలు కాగితం దాటి వరండాదాకా వచ్చిన జిల్లాలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చునని నా అభిప్రాయం. జంషెడ్‌పూర్‌లో ఈ చిక్కు రెట్టింపు. వీధిదీపం వెలగకపోతే కంపెనీ పౌరసేవల విభాగం ఉన్నది, నోటిఫైడ్ ఏరియా కమిటీ ఉన్నది. కాని ఓటు అడగడానికి ఇంటికి వచ్చే కౌన్సిలరు లేడు. కుందేలు మాట అటుంచి, మనిషి తన మాట చెప్పుకోవడానికే తలుపు వెతుక్కోవలసిన ఊరది.

ఇక్కడ పాఠకులలో కొందరు కినుక వహించవచ్చును. జంషెడ్‌పూర్‌కు అనతి దూరంలోనే చాండిల్ ఆనకట్ట ఉన్నది. సువర్ణరేఖ ప్రాజెక్టు కింద ఊళ్ళు మునిగిన ఆదివాసులు దశాబ్దాలుగా పునరావాసం కోసం పోరాడుతున్నారు. మనుషులకే దిక్కులేని చోట కుందేళ్ళ పునరావాసమా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానిని తేలికగా కొట్టివేయను. అయితే చాండిల్ ఫైళ్ళు ఆలస్యమైనది ఎవరో కుందేలుకు గడ్డి వేయడం వల్ల కాదు. ముందు ఖాళీ చేయించి తరువాతి సంగతి తరువాత చూడవచ్చుననే ఆలోచనవల్ల. ఇల్లు తీసివేయడానికి తేదీ ఉంటుంది, ఇల్లు చూపడానికి తేదీ ఉండదు. ఈ అలవాటు మనుషుల విషయంలో ఘోరం. నోరులేని జంతువు విషయంలో దానిని అడిగేవారైనా లేరు.

ఆ ఉపాధ్యాయిని పద్ధతి వేరు. కుందేలు కావాలని వచ్చినవారికి వెంటనే ఇవ్వరు. ముందు వారి ఇంటికి వెళ్ళి చూస్తారు. మిద్దెమీద రేకుల గది చూపితే నమస్కారం పెట్టి వచ్చేస్తారు. పుట్టినరోజు బహుమతికంటే ఇవ్వరు. పిల్లలు అడిగినా పెద్దలే బాధ్యత తీసుకోవాలి. బదిలీ అయినా, ఇల్లు మారినా వీధిలో వదలక తనకే తిరిగి అప్పగిస్తామని కాగితం మీద సంతకం చేయాలి. వీలైనన్నింటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించిన తరువాతనే ఇస్తారు. ఆడ కుందేళ్ళకు వయసు మళ్ళినకొద్దీ గర్భాశయ క్యాన్సరు ముప్పు అధికం గనుక దానివల్ల వాటికీ మేలే. అందుకు ఒడుపు తెలిసిన వైద్యుని కోసం కలకత్తా దాకా పోయిన సందర్భాలున్నవట. అమెరికాలో హౌస్ రాబిట్ సొసైటీ 1988 నుంచి నడుపుతున్న పద్ధతికి ఇది దగ్గరగా ఉన్నది. తాత్కాలికంగా ఒక ఇంట ఉంచి, స్వభావం గమనించి, తగిన ఇంటికి పంపడం వారి మార్గం.

పెళ్ళి సంబంధం చూసినట్టు ఇంత పట్టింపు ఏమిటని ఇరుగుపొరుగు నవ్వుతారట. ఈ కఠినత్వంవల్ల మంచి ఇళ్ళు కొన్ని చేజారుతాయేమోనని నాకూ అనిపించింది, ఆమెతో అన్నాను కూడా. “చేజారితే మళ్ళీ వెతుకుతాను. పోయిన కుందేలును వెతకలేను గదా” అన్నారు. ఒప్పుకోక తప్పలేదు. అయితే ఒక జీతగత్తె వరండాయే ఒక నగరానికి ఏర్పాటు కావడం నాకు అంగీకారం కాదు. నియమావళి ప్రకారం అమ్మే దుకాణం, వద్దనుకొన్న జంతువును తిరిగి తీసుకొనే బాధ్యత ఎందుకు వహించరాదు? జిల్లా సంఘం ఒక రిజిస్టరు తెరచి, ఇవ్వదలచినవారి పేర్లు, తీసుకోదలచినవారి పేర్లు రాసుకోవడానికి ఎంత ఖర్చవుతుంది? సవరణ బిల్లు ఎప్పుడు సభకు వచ్చినా, జరిమానా అంకెల మీద గంటల తరబడి చర్చ సాగుతుంది. ఈ రిజిస్టరు గురించి ఒక్క సభ్యుడైనా లేచి అడిగితే గ్యాలరీలో నా పెన్ను కదులుతుంది.

ఢిల్లీ చేరిన తరువాత ఫోనులో తెలిసిన లెక్క ఇది. పదకొండింటిలో ఏడింటికి ఇళ్ళు దొరికినవి. ఒక జత చాయిబాసా వెళ్ళింది. మరొక జతను క్వార్టరు పెరడులో గరిక పెంచుతున్న వృద్ధ దంపతులు తీసుకొన్నారు. ఒంటరిగా పోయిన మూడింటిలో ఒకటి పది రోజులకే తిరిగి వచ్చింది. ఇంటివారికి బదిలీ అయిందట. మాట ప్రకారం అప్పగించి వెళ్ళారు. దానికి మళ్ళీ ఇల్లు వెతుకుతున్నారు.