వాళ్ల ప్లాటినం బిల్డింగ్‌లో మన కొండ లెక్క ఏది?



హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల గేటు దగ్గర "గ్రీన్ బిల్డింగ్ - గోల్డ్", "ప్లాటినం" అని బోర్డులు చూసే ఉంటారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం తెచ్చుకున్న మొదటి భవనం కూడా హైదరాబాద్‌లోనే ఉంది: 2004లో మొదలైన సీఐఐ గోద్రెజ్ సెంటర్. కరెంటు, నీళ్లు ఆదా చేస్తే మంచిదే, కాదనను. నా గొడవంతా పాయింట్ల లెక్కతోనే.

ఆ అద్దాల గోడల్ని పట్టి ఉంచే అల్యూమినియం ఫ్రేములకి మూలం బాక్సైట్. లీడ్ 2009 రూల్స్ ప్రకారం 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్ల లోపల తవ్వి తయారుచేసిన సరుకు "స్థానికం". దానికి పాయింట్లు. మ్యాప్ తీసి చూడండి. హైదరాబాద్ నుంచి అరకు, చింతపల్లి, కోరాపుట్ అన్నీ ఆ గీత లోపలే. కోరాపుట్ పంచపట్‌మాలిని 1980ల నుంచి తవ్వుతూనే ఉన్నారు. మన మన్యం కొండలు మిగిలాయంటే మనవాళ్లు కొట్లాడబట్టే. కొండ వాళ్లకి లోకల్, కొండ మీది మనుషులు మాత్రం లెక్కలోనే లేరు! తర్వాతి వెర్షన్‌లో ఆ దూరాన్ని 160 కిలోమీటర్లకి తగ్గించారు. ఎంత దూరం నుంచి తెచ్చారని చూస్తారు సరే, ఎవర్ని అడిగి తవ్వారో చూడరా?

అసాధ్యమేమీ కాదు. కలపకిచ్చే ఎఫ్ఎస్‌సీ ముద్రలో ఆదివాసుల సమ్మతి షరతు ఉంది. అల్యూమినియానికి అదే షరతు తప్పనిసరి చేయడానికి ఏం అడ్డం? 1997 సమత తీర్పు ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2013లో నియమగిరిలో 12 పల్లెసభలూ బాక్సైట్ వద్దన్నాయి.

ఫ్లైయాష్ ఇటుక సంగతీ అంతే. బొగ్గు కాల్చిన బూడిదకి రీసైకిల్ పాయింటు. బూడిద ఊరి మీదకి ఎగిరే కన్నా ఇటుకైతే నయమే, పొలం మట్టీ మిగులుతుంది. పాల్వంచ, మణుగూరు వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ బొగ్గు గని కింద పోయిన ఊరు ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు.

ఇక మన ఇల్లు. మట్టి గోడ, వెదురు, గడ్డి కప్పు, ఏసీ లేదు. (వానాకాలం కారుతుంది, తెలుసు. గొప్పలు చెప్పట్లేదు.) సర్కారు రికార్డులో దాని పేరు "కచ్చా ఇల్లు". ప్లాటినానికి కట్టే ఫీజులు, కన్సల్టెంట్లు మన దగ్గరెక్కడివి?

సివిల్, ఆర్కిటెక్చర్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కాలేజీలో గ్రీన్ బిల్డింగ్ సెమినార్ పెడితే లేచి అడగండి: ఈ ఫ్రేము ఏ కొండది? ఆ ఊరి గ్రామసభ తీర్మానం చూపిస్తారా? మన దేశంలో గ్రీన్ బిల్డింగ్ రేటింగులిచ్చే ఐజీబీసీ పెద్దాఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. గ్రామసభ సమ్మతిని షరతుగా పెట్టమని వినతిపత్రం రాద్దాం. ఎవరెవరు వస్తారో కింద పేర్లు పెట్టండి.